బైరాగి అడగని మాట

జాతరలో రంగులరాట్నం ఎక్కి దిగినవాళ్ళలో పదిమందికి ఒకరైనా కక్కుకుంటారు. ఆ సంగతి ఎవరూ ఇంటికి మోసుకుపోరు. ఆకాశం చేతికందిందనీ, పూండి అవతల సముద్రం కనబడిందనీ కోతలు కోస్తారు గానీ, దిగే ముందు పెట్టెలో ఏం జరిగిందో మాత్రం నోరు విప్పరు. ఆ చెప్పుకోని సంగతులన్నీ ఒక మనిషి చేతుల మీదుగా పోయేవి. ఆయన పేరు బైరాగి. పేరుకి బైరాగే గానీ, ఒక్క ఆశ మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆ ఆశ తీరింది కూడా. తీరకపోయినా బాగుండేది.

రాట్నం పలాస అనంతపద్మనాభం గారిది. ఆరు పెట్టెల చెక్క రాట్నం. ఇంజనూ లేదు, కరెంటూ లేదు. ఇద్దరు మనుషులు కోతుల్లా పైకి పాకి, చక్రం ఆకులు పట్టుకుని వేలాడి, తమ బరువుతో కిందికి లాగితే అది తిరిగేది. ఆ ఇద్దరిలో పెద్దవాడు పాపారావు. కింద ఉండేవాడు బైరాగి. జనాన్ని ఎక్కించడం, పెట్టెకి అడ్డకర్ర వెయ్యడం, దించడం, ఎవరైనా కక్కుకుంటే కడగడం ఆయన వంతు. మొదటి మూడూ ఎవరైనా చేస్తారు. నాలుగోదానికి మనిషి దొరకడు.

ఒక తట్టలో ఏటి ఇసుక, ఇంకో తట్టలో పొయ్యి బూడిద, పిడికెడు కొబ్బరి పీచు, వేపాకు వేసిన నీళ్ళ బాల్చీ, భుజం మీద వెడల్పాటి తువ్వాలు. అవీ ఆయన సరంజామా. పెట్టె కిందికి రాగానే ముందు తువ్వాలు అడ్డం పట్టి, కక్కుకున్న మనిషి మొహం లోకానికి కనబడకుండా చేసేవాడు. అప్పుడు "నూనె జారిందర్రా, కాసింత ఆగండి" అని గట్టిగా కేకవేసేవాడు. రాట్నం వాళ్ళ ఆచారం అది. రాట్నం మీద ఎవరూ కక్కుకోరు, ఇరుసు నూనె జారుతుంది, అంతే. వరసలో నిలబడ్డ జనానికి అసలు సంగతి తెలియదా అంటే, తెలుసు. ఇంకో ఘడియకి తమ వంతు వస్తుందని కూడా తెలుసు. అందుకని ఎవరూ నవ్వేవారు కారు.

ఒకసారి కార్తీక సోమవారం నాడు రావివలసలో ఒక బడిపంతులు గారు రాట్నం ఎక్కారు. ఉపవాసం. భార్య కూడా ఉపవాసం, వెనకపెట్టెలో కూర్చుంది. మూడు చుట్లు తిరిగేసరికి పంతులుగారు పొద్దున్న దొంగతనంగా తిన్న పులిహోర సమస్తం బయటపెట్టేశారు. ఆవిడ దిగి వచ్చేలోపల బైరాగి నాలుగు దోసిళ్ళ ఇసుక పోసి ఆ కాపురం నిలబెట్టాడు. "ఉపాసం మనిసికి పైత్యం పొంగుద్ది తల్లీ, మరేటి సేత్తాం" అని పైపెచ్చు సాక్ష్యం కూడా చెప్పాడు. ఆ పంతులుగారు తర్వాత ఏ జాతరలో కనబడినా ముందు తనే నమస్కారం పెట్టేవారు.

కడిగి కడిగి బైరాగికి ఒక విద్య పట్టుబడింది. చూస్తే చాలు, మనిషి ఏం తిన్నాడో, ఏం తాగాడో, జ్వరం మీద వచ్చాడో, భయంతో కక్కాడో చెప్పేవాడు. వైద్యుడైతే దీనికి పేరొచ్చేది. రాట్నం కింద మనిషికి వచ్చింది "కక్కులోడు" అన్న బిరుదు.

వాళ్ళకి ఇంకో ఆచారం ఉండేది. అది ఆయన కంటే ముందు ఆ పని చేసిన ముసలాయన నేర్పి పోయాడు. పెళ్ళయిన ఆడమనిషి పెట్టె ఎక్కబోతే, అడ్డకర్ర ఎత్తే ముందు, పక్కవాళ్ళకి వినబడకుండా ఒక మాట అడగాలి. "ఒట్టి మనిసివేనా అమ్మా?" కడుపుతో ఉన్నవాళ్ళని రాట్నం ఎక్కించకూడదు. రాట్నం ఎంత జాగ్రత్తగా తిప్పినా, ఎప్పుడో ఒకప్పుడు ఊపు తప్పి కుదుపుతుంది. మామూలు మనిషికి ఆ కుదుపు నవ్వులాట, కడుపుతో ఉన్న మనిషికి కాదు. కొందరు ఆడవాళ్ళు ఆ మాటకి మూతి తిప్పేవారు. కొందరు తల వంచుకుని, చిన్నగా నవ్వి, వరసలోంచి పక్కకి తప్పుకునేవారు. అత్తకి చెప్పని సంగతి, ఒక్కోసారి మొగుడికి కూడా చెప్పని సంగతి, బైరాగికి ముందు తెలిసేది. ఆయన అది ఎవరికీ చెప్పేవాడు కాదు. "మల్లన్న సల్లగా సూడాల" అనుకుని, తర్వాతవాళ్ళకి అడ్డకర్ర ఎత్తేవాడు.

ఆయన కూతురు భాగ్యలక్ష్మి. పిల్లకి మూడేళ్ళప్పుడు తల్లి విషజ్వరంతో పోయింది. ఇంట్లో చూసే దిక్కు లేక బైరాగి పిల్లని రాట్నంతో పాటు తిప్పాడు. ఏ జాతరలో రాట్నం దిగితే ఆ జాతరలో, గుడారం గుడ్డ కింద, ఇసుక తట్ట పక్కన భాగ్యం పెరిగింది. కొబ్బరి మట్టని పెట్టెగా చేసి, అందులో లక్కబొమ్మని కూర్చోబెట్టబోతూ, వాళ్ళ అయ్య లాగే గొంతు తగ్గించి "ఒట్టి మనిసివేనా అమ్మా?" అని అడిగేది. పైన వేలాడుతున్న పాపారావు అది విని, నవ్వు ఆపుకోలేక పట్టు జారవిడిచినంత పని చేసేవాడు.

పిల్లకి ఎనిమిదో ఏడు వచ్చేసరికి బైరాగి అక్క గౌరి వచ్చింది. ఆవిడది ఉద్దానంలో పూండి దగ్గర పల్లె. మొగుడు పోలారావుకి కొబ్బరితోట ఉంది, పిల్లలు లేరు.

"గుంట ఎదుగుతన్నాది. నీ కక్కుల మజ్జిన పెంచుతావేట్రా?" అంది.

అప్ప చెప్పిందాంట్లో తప్పేముంది? భాగ్యం వెళ్ళేటప్పుడు బండి కొయ్య పట్టుకుని వదల్లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాడు.

పదేళ్ళు గడిచాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది వేసవిలో భాగ్యానికి టెక్కలి నుంచి సంబంధం వచ్చింది. కుర్రవాడు జగదీశ్వరరావు తాలూకా కచేరీలో గుమాస్తా. తండ్రి లేడు. తల్లి నారాయణమ్మ, చెల్లెలు కృష్ణవేణి. కాస్త మాగాణి, పెంకుటిల్లు. గౌరి ఆ సంబంధం చూసి మురిసిపోయింది, వెంటనే భయపడింది. జాతరలో కక్కులు కడిగేవాడి కూతురంటే కచేరీ గుమాస్తా ఇంట్లో ఏమంటారో? ఆ భయంలోనే ఆవిడ నోటికి అబద్ధం వచ్చేసింది. పిల్ల తండ్రి బర్మా దేశం, రంగం వెళ్ళి తిరిగి రాలేదని చెప్పేసింది. ఆ రోజుల్లో రంగం వెళ్ళి రానివాళ్ళు ఊరికి పదిమంది ఉండేవారు, ఎవరూ ఆరా తీయరు.

తర్వాత తమ్ముడి దగ్గరకొచ్చి ఏడ్చింది. బైరాగే ఓదార్చాడు.

"మంచి మాటే సెప్పినావప్పా. నాను రంగంలోనే ఉంతాను. ఆ గుంట సల్లగుంటే సాలు."

పోలారావు, గౌరి పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. బైరాగి పెళ్ళికి రాకుండా ఉండలేకపోయాడు. పనివాడిలా వచ్చి, నీళ్ళు మోసి, బంతులు లేచాక ఎంగిలాకులు ఎత్తాడు. వియ్యాలవారి ఆకులు కూడా ఎత్తాడు. భాగ్యం పీటల మీంచి చూసింది. అక్షింతలు పడుతున్నంతసేపూ తల వంచుకునే ఉంది. పెళ్ళికూతురి సిగ్గనుకుని అందరూ మెచ్చుకున్నారు.

అప్పటినుంచీ బైరాగికి ఒకటే ఆశ. చచ్చేలోగా ఒక్కసారి, పట్టపగలు, పదిమందిలో, కూతురు తనని "అయ్యా" అని పిలవాలి. అది జరగని పని అని ఆయనకీ తెలుసు. జరగకుండా చూడవలసింది కూడా ఆయనే.

మరుసటి ఏడు కార్తీకం నాలుగో సోమవారం. రావివలసలో ఇసక వేస్తే రాలనంత జనం. పైకప్పు లేకుండా ఎండలో నిలిచిన ఎండల మల్లికార్జునుడి మీద నీళ్ళు పోసి వచ్చినవాళ్ళందరూ రాట్నం చుట్టూ మూగారు. మిట్టమధ్యాహ్నం, ఇసుక తట్ట నింపుకుని వస్తూ బైరాగి వరసలో భాగ్యాన్ని చూశాడు. పసుపురంగు చీర కట్టింది. ముందు కృష్ణవేణి ఉంది. కొంచెం దూరంలో, కొబ్బరికాయల బుట్ట పక్కన పెట్టుకుని నారాయణమ్మ నిలబడి ఉంది.

ఏడాదిన్నర అయింది పిల్లని చూసి. గబగబా తువ్వాలు తలకి చుట్టి, కొస లాగి మూతికి కట్టుకున్నాడు. ఎండకి కట్టుకున్నాడనుకుంటారు. పనిలోంచి తప్పుకుందామంటే ఇంకో మనిషి లేడు.

వాళ్ళ వంతు వచ్చింది. కృష్ణవేణి ఎక్కి కూర్చుంది. భాగ్యం పెట్టె దగ్గర ఆగింది. అడ్డకర్ర మీద చెయ్యి వేసి, కదలకుండా, ఆయన కళ్ళలోకి చూసింది.

అడగవలసిన మాట బైరాగి నాలుక మీదే ఉంది. ఆ పూట వందసార్లు అడిగిన మాటే. కానీ పక్కనే ఆడపడుచు. నోరు విప్పితే ఆ మాట పరాయి మనిషిని అడిగినట్టు ఉండదని ఆయనకి తెలుసు. పెళ్ళిలో నీళ్ళు మోసిన మనిషి గొంతు వీళ్ళు గుర్తుపడితే? ఆ భయానికి తోడు ఇంకో తలపు వచ్చి ఆయన్ని మోసం చేసింది. అలాంటి సంగతేదైనా ఉంటే గౌరప్ప కబురు పెట్టదా, అనుకున్నాడు.

"ఎక్కు వదినా, ఎనక జనం తోసేత్తన్నారు" అంది కృష్ణవేణి.

భాగ్యం ఇంకొక్క క్షణం నిలబడింది. వెనకనుంచి తోపులాట పెరిగింది. కృష్ణవేణి చెయ్యి పట్టి లాగింది. భాగ్యం ఎక్కింది. బైరాగి తల వంచుకుని అడ్డకర్ర వేశాడు.

రాట్నం కదిలింది. రెండు చుట్లు బాగానే తిరిగింది. మూడో చుట్టులో ఎదురుపెట్టెలోని తాగుబోతు ఒకడు, పెట్టె కిందికి రాగానే, ఆగకముందే కిందికి దూకేశాడు. ఆ పక్క బరువు తగ్గేసరికి ఈ పక్క భాగ్యం కూర్చున్న పెట్టె పైనుంచి ఒక్క విసురున జారింది. పాపారావు ఆకుకి అడ్డంపడి ఆపాడు. రాట్నం గట్టిగా ఒక కుదుపు కుదిపి ఆగింది. జనం గొల్లున నవ్వారు. ప్రతి జాతరలో పదిసార్లు జరిగేదే. దూకినవాడు దుమ్ము దులుపుకుని జీళ్ళ దుకాణం వైపు వెళ్ళిపోయాడు.

పెట్టె కిందికి వచ్చింది.

"వదిన కక్కుకున్నాది" అంది కృష్ణవేణి.

బైరాగి తువ్వాలు విప్పి అడ్డం పట్టాడు. ఇప్పుడు మొహం దాచుకోవడం గుర్తులేదు. చేసేది కూతురు ముందయినా పని పనే. పెట్టె అడుగు పలక మీద కాస్త కొబ్బరినీళ్ళు, పుల్లటి పసుపు నీళ్ళు. అంతే. ఆ చూపుకి ఆయనకి సంగతి తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళ విద్య అబద్ధం చెప్పదు. అది తిండి వల్ల వచ్చింది కాదు, భయం వల్ల వచ్చింది కాదు. పిల్ల నీళ్ళోసుకుంది. తనకి మనవడో మనవరాలో పుట్టబోతోంది. బైరాగి గుండె నిండిపోయింది. తువ్వాలు చాటున నవ్వాడు కూడా.

ఆ సంతోషం ఒక్క ఊపిరి సేపు ఉంది. ఇసుక పొయ్యడానికి వంగితే, పలక సందుల్లోంచి ఎర్రగా కారుతోంది. పసుపు చీర కుచ్చెళ్ళు తడిసిపోతున్నాయి.

"నూనె..." అని అలవాటుగా కేకవెయ్యబోయాడు. మాట సగంలో ఆగిపోయింది. అంతకుముందు ఏనాడూ ఆగలేదు.

భాగ్యం రెండు చేతులతో ఆయన మెడ పట్టుకుంది. చిన్నప్పుడు బండి కొయ్య పట్టుకున్నట్టే పట్టుకుంది.

"అయ్యా" అంది. "అయ్యా, నాకేటో అయిపోతన్నాది అయ్యా."

పట్టపగలు, పదిమందిలో. రాట్నం చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు. కొబ్బరికాయల బుట్ట వదిలేసి పరుగెత్తుకొచ్చిన నారాయణమ్మ కూడా విన్నది. బైరాగి ఆ పిలుపు కోసం ఎన్ని దేవుళ్ళకి మొక్కాడో. దేవుడు ఇచ్చే తీరు ఇది.

ఆడవాళ్ళు చుట్టూ చీరలు అడ్డం పట్టారు. పాపారావు ఎవరిదో ఎడ్లబండి పట్టుకొచ్చాడు. టెక్కలి ఆసుపత్రికి చేరేదాకా బైరాగి బండి పక్కన పరుగెత్తుతూనే ఉన్నాడు. ఎక్కమంటే ఎక్కలేదు.

పొద్దు వాలుతుండగా నర్సమ్మ బయటికొచ్చింది. పిల్లకి భయం లేదంది. మూడో నెల, నిలవలేదంది. ఇక ముందు సంగతి ఇప్పుడే చెప్పలేమంది.

వరండాలో బైరాగి నేల మీద కూలబడి ఉన్నాడు. చేతులకి ఇంకా ఇసుక అంటుకుని ఉంది. నారాయణమ్మ చాలాసేపు ఆయన వంక చూసింది. తర్వాత వచ్చి ఎదురుగా తనూ నేల మీదే కూర్చుంది.

"పెళ్ళిలో ఆకులెత్తింది నువ్వే కదా అన్నియ్యా?"

బైరాగి తల ఊపాడు.

"తండ్రిని దాసీడవేటి? మేం పులులమా మింగేయడానికి? మా అయ్య సంతల్లో జీళ్ళు అమ్మినోడే. గంప నెత్తినెట్టుకుని ఊరూరా తిరిగినాడు. ముందే సెప్తే ఏటైపోయీది?"

ఆవిడ కోపంతో మొదలుపెట్టిన మాట ఏడుపులోకి దిగింది. బైరాగికి మాత్రం ఏడుపు రాలేదు. ఆ అబద్ధం అక్కర్లేనే లేదన్నమాట. అక్కర్లేని అబద్ధానికి ఏడాదిన్నర కాపలా కాశాడు. ఆ కాపలా కోసమే ఈ మధ్యాహ్నం నోరు కట్టుకున్నాడు. అది తలకెక్కేసరికి, మనిషి కూర్చున్నచోటే చిక్కిపోయినట్టయ్యాడు.

లోపలికి వెళితే భాగ్యం మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అడుగుల చప్పుడు విని ఇటు తిరిగింది.

"ఎందుకెక్కినావమ్మా?" అన్నాడు బైరాగి. "తెలిసుండి ఎందుకెక్కినావు?"



"ఎక్కుదావని రానేదయ్యా" అంది భాగ్యం. "ఆయనకి కూడా ఇంకా సెప్పనేదు. ముందు నీకే సెప్పాలనుకున్నాను. అందరి ముందర నీతో మాటాడ్డానికి నేదు గదా. నువ్వు ఆడోళ్ళందర్నీ అడుగుతావు, నన్నూ అడుగుతావనుకున్నాను. అడిగితే, కాదని సెప్పి, దిగి ఎల్లిపోదావనుకున్నాను. ఎవులికీ తెలీకుండా నీకొక్కడికీ తెలిసేది."

మెల్లగా అంది.

"నువ్వు అడగనేదు."

బైరాగి మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. తప్పంతా నాదేనమ్మా అని ఉంటే ఆ పిల్ల కాదనేది. అందుకే అనలేదు.

ఆ కథ అక్కడితో అయిపోతే బాగుండును. మనుషులు అంత తేలిగ్గా అయిపోరు. జగదీశ్వరరావు మామగారిని ఇంటికి తీసుకెళ్ళాడు, పెరటి గది ఇస్తానన్నాడు. బైరాగి రెండు రోజులుండి రాట్నం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ పని తప్ప తనకి ఇంకేం వచ్చు? అప్పటినుంచి ఆడమనిషి అన్నదాన్ని ఎవర్నీ అడక్కుండా వదల్లేదు. మనవలున్న ముసలమ్మల్ని కూడా అడిగేవాడు. వాళ్ళు పకపకా నవ్వి తిట్టేవారు. తిట్టినా సరే, జవాబు చెప్పేదాకా అడ్డకర్ర ఎత్తేవాడు కాదు. ఆయనకి మతి చెదిరిందని పాపారావు అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. నాలుగో సోమవారం నాడు భాగ్యం అత్తతో కలిసి రావివలస వచ్చింది. ఇప్పుడు దాపరికం లేదు. అంత దూరంనుంచే "అయ్యా" అని పిలిచింది. పలహారం క్యారియర్ గుడారంలో పెట్టింది. నారాయణమ్మ దర్శనానికి వెళ్ళింది. భాగ్యం మాత్రం వెళ్ళి జనం వరసలో నిలబడింది.

బైరాగి ఒక్కొక్కరినీ ఎక్కిస్తూ ఆమెని చూస్తూనే ఉన్నాడు. వరస కదిలింది. ఆమె వంతు వచ్చింది. అడ్డకర్ర మీద చెయ్యి వేసి, నిరుడు నిలబడ్డట్టే నిలబడి, ఆయన కళ్ళలోకి చూసింది. ఆమె ఎక్కడానికి రాలేదని బైరాగికి అర్థమైంది. వెనకవాళ్ళు విసుక్కుంటున్నారు.

"ఒట్టి మనిసివేనా అమ్మా?"

"ఒట్టి మనిసినే అయ్యా."

భాగ్యం చెయ్యి తీసి, వరసలోంచి తప్పుకుని గుడి వైపు నడిచింది. బైరాగి వెనకవాళ్ళకి అడ్డకర్ర ఎత్తాడు.